ఏడో బీమ్‌లో రెండు రాడ్లు

ఈ సంతకం దేవరాజుది కాదు. రిజిస్టర్ చూడగానే వసంతకు అర్థమైంది. కాని ఆ మాట పైకి అనలేదు.

శుక్రవారం పొద్దున పది దాటి ఐదు నిమిషాలు. వనపర్తి బయట ఒక ట్రస్టు కట్టిస్తున్న దవాఖాన సైటు. గేటు పక్కన రేకుల గదిలో ముసలి వాచ్‌మన్ మల్లయ్య, నెత్తిన టోపీ, చంకలో కర్రతో, రిజిస్టర్ తెరిచి పట్టుకున్నాడు. సోమవారం పేజీలో కింది నుంచి నాలుగో వరస: దేవరాజు, రాడ్ల మేస్త్రి, బయటికి పోయిన టైం 4:35. పక్కనే తెలుగులో గుండ్రటి అక్షరాలతో ‘దేవరాజు’ అని సంతకం.

సోమవారం నుంచి దేవరాజు జాడ లేదు. ఖిల్లా ఘణపూర్‌లో అతని భార్య సుగుణమ్మ నిన్న వసంత చేతిలో కూతురి ప్రోగ్రెస్ కార్డు పెట్టింది. తండ్రి సంతకం చేసే చోట మరాఠీ అక్షరాలున్నాయి.

“పన్నెండేండ్లు బొంబాయిల రాడ్లు కట్టిండు మేడం. ఆడ్నే చర్చి బడిల సంతకం నేర్చుకున్నడు. తెలుగు చదువుతడు గాని రాయరాదు,” అని చెప్పింది సుగుణమ్మ. “మంగళవారం పొద్దున ఎవరో ఇద్దరు జీపుల వచ్చి, నీ మొగుడేడి అని అడిగిపోయిండ్రు. మాకు తెల్సినోళ్ళు కాదు.”

వసంతది నాగర్‌కర్నూల్‌లో చిన్న డిటెక్టివ్ ఆఫీసు. వలస పోయి కనిపించకుండా పోయినవాళ్ళను వెతకడమే ఆమెకు ఎక్కువగా వచ్చే పని. మనిషి దొరక్కపోతే ముందు అతని కాగితం దొరుకుతుందని ఆమె అనుభవం. ఇక్కడ దొరికిన కాగితం అబద్ధం చెబుతోంది.

“ఈ టైం రాసింది నువ్వేనా, పెద్దయ్యా?”

“నేనే బిడ్డా. అందరి టైమూ నేనే రాస్త.”

“సంతకం?”

“ఎవల్ది వాళ్ళే చేస్తరు.” మల్లయ్య రిజిస్టర్ మూసేశాడు. ఆమె ఇంకా చదువుతుండగానే మూసేశాడు.

*

సైట్ మేనేజర్ నరేందర్ తన గదిలో టాబ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. దాపరికం తెలిసిన మనిషిలా కనిపించలేదు.

“మా దగ్గర కాగితాల ప్లాను లేదు మేడం. అంతా దీంట్లనే. బిమ్ అంటరు. బీమ్ కాదు, బిమ్. ఈ దిక్కుల గిట్ల కట్టేది మా కంపెనీ ఒక్కటే.” టాబ్ తిప్పి చూపించాడు. తెర మీద దవాఖాన మొత్తం గాజు బొమ్మలా నిలబడి ఉంది. వేలితో నొక్కితే గోడలు పోయి లోపలి రాడ్లు కనిపించాయి. “మోడల్ల ఏముంటే గదే కట్టాలె. కట్టింది మోడల్‌తోని కలిస్తే పచ్చగ వస్తది. కలవకుంటే ఎర్రగ వస్తది.”

“సోమవారం దేవరాజును ఆఖరుసారి ఎప్పుడు చూశారు?”

“నాలుగుంబావుకు. రెండో స్లాబు మీద, ఏడో బీమ్ దగ్గర. తెల్లారి కాంక్రీటు పోసేదుండె. ఆ బీమ్‌ల రెండు రాడ్లు ఎక్కువున్నయని అప్పుడే టాబ్ల ఎర్రగ వచ్చింది. తీయమన్న. తీసిండు. తీసినమని టాబ్ల నొక్కితే పచ్చగయింది.”

“ఏమీ అనలేదా?”

“మొఖం ముడుచుకున్నడు. నోరు తెరిచి ఏమనలె. నేను కాంక్రీటు బండ్ల పని మీద పోయిన. మళ్ళ వచ్చేసరికి ఆరున్నర.”

“అంతకుముందు ఎర్రగా లేదా?”

నరేందర్ ఆలోచించాడు. “మూడున్నరకు పచ్చగనే ఉండె,” అన్నాడు నెమ్మదిగా. అంతలోనే తల విదిలించాడు. “టాబ్ల ఏదొస్తే అది చేసుడే మా పని మేడం. మేస్త్రి ఇష్టం, నా ఇష్టం ఏం నడవదు. అందుకే గద ఇది పెట్టింది.”

*

మోడల్ గీసేది లహరి. గద్వాల పద్మశాలి ఇంటి పిల్ల, ఇరవై ఆరేళ్ళు. ఈ సైటుకు వచ్చి మూడు వారాలు. పక్క గదిలో రెండు తెరల ముందు కూర్చుని ఉంది.

“సోమవారం నువ్వేం చేశావో టైంతో సహా చెప్పమ్మా,” అంది వసంత.

“మూడున్నరకు రెండో స్లాబు రాడ్లను స్కాన్ చేసిన మేడం.” మూలన మూడు కాళ్ళ స్టాండు మీదున్న యంత్రాన్ని చూపించింది. “ఇది లేజర్‌తోని చుట్టూ ఉన్నదంతా కొలుస్తది. కాంక్రీటు పోసినంక లోపల రాడ్లున్నయో లేవో ఎవరికీ కనపడదు గద. అందుకే ముందే స్కాన్ చేసి దాచిపెడ్తం. ఒక మూల సరిగ్గ రాలె. బ్యాటరీ అయిపోయింది. కిందికొచ్చి ఛార్జింగ్ పెట్టుకొని, ఐదూ ఇరవైకి మళ్ళ చేసిన.”

“ఆ రెండోది చూశావా?”

“లేదు. నెట్ లేక పైకి పంపలేదు. మొదటిది పాసైంది కదా, ఇగ అది ఎందుకన్నరు నరేందర్ సార్.”

“ఏడో బీమ్‌లో రెండు రాడ్లు ఎక్కువెందుకు కట్టారు?”

లహరి అర్థం కానట్టు చూసింది. “ఎక్కువెట్లయితయి మేడం? నడిమి కింది వరసల ఆరు ఉండాలె. ఇంజినీర్ లెక్క చూసుకొని నేనే గీసిన. ఆరు.”

“మోడల్ తెరువు.”

లహరి తెరిచింది. ఏడో బీమ్ మీద నొక్కింది. తెర మీద రాడ్లు నాలుగే ఉన్నాయి. పచ్చగా మెరుస్తున్నాయి.

లహరి తెరకు దగ్గరగా వంగింది. మళ్ళీ లెక్కపెట్టింది. “ఇది నేను గీసింది కాదు,” అంది. “ఎవరో మార్చిండ్రు.”

“ఎప్పుడు మార్చారో తెలుస్తుందా?”

లహరి పాత మార్పుల చిట్టా తీసింది. సోమవారం, 4:10. మార్చినవాళ్ళ పేరు లేదు.

“నాలుగుంబావుకు టాబ్ ఎర్రగా వచ్చింది,” అంది వసంత. “ఐదు నిమిషాల తేడా. ఆ రెండో స్కాన్ తెరిచి పెట్టు. నేను పైకి పోయి వస్తాను.”

*

రెండో స్లాబును కింది నుంచి చూడాలంటే మొదటి స్లాబు మీద నిలబడాలి. అక్కడంతా ఇనుప జాకీల అడవి. పైనున్న పచ్చి స్లాబును వందల జాకీలు మోస్తున్నాయి. వసంత వంగుతూ వంగుతూ ఏడో బీమ్ కిందికి చేరింది. పైన ప్లైవుడ్ చెక్కలు తప్ప ఏమీ కనబడలేదు.

గోడ వారగా మాత్రం రెండు రాడ్లు పడుకోబెట్టి ఉన్నాయి. బొటనవేలంత లావు. వాటిని కట్టిన సన్నటి తీగ ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. తీసిన మేస్త్రి వాటిని తుక్కులో పారేయలేదు. ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా సర్ది, రెండింటి మీదా సుద్దతో 7 అని రాశాడు. మళ్ళీ పెట్టాల్సి వస్తుందనుకున్నవాడే అలా రాస్తాడు.

“దొరికిందా మేడం, శవం?”

వెనక రాజ్‌కుమార్. హైదరాబాద్ డిటెక్టివ్. కట్టే కంపెనీ హెడ్డాఫీసు అతన్ని మాట్లాడుకుంది. ఇస్త్రీ చొక్కా నలగకుండా జాకీల మధ్య నుంచి వచ్చాడు.

“శవమని ఎవరన్నారు?” అంది వసంత.

“ఎవరూ అనలె. అదే నేననేది. మనిషి నాలుగూ ముప్పై ఐదుకు గేటు దాటిండు. రాత్రి ఎనిమిదింబావుకు ఫోన్ కల్వకుర్తి టవర్ కింద ఉండె. ఆ తర్వాత బంద్. అటే హైదరాబాద్, ఆడ్నుంచి బొంబాయి రైలు. పన్నెండేండ్లున్న ఊరు. కేసు ఖతం.”

“ఖిల్లా ఘణపూర్‌లో పెండ్లాం, బిడ్డ ఉన్నవాడు చెప్పకుండా ఎందుకు పోతాడు?”

“సామాను దొంగతనం పట్టుబడతదని భయం. మా వాళ్ళ అనుమానం గదే.”

“ఏం సామాను పోయింది?”

రాజ్‌కుమార్ చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు. “లిస్టు పంపుతమన్నరు.”

“నాలుగు రోజులైంది. ఇంకా పంపలేదా?” వసంత రాడ్ల దగ్గర నుంచి లేచింది. “రాజ్‌కుమార్ గారూ, మీరు ఫోన్ ఎటు పోయిందో చూశారు. ఫోన్‌తో మనిషి పోయాడని ఎవరు చెప్పారు? గేటు రిజిస్టర్‌లో సంతకం తెలుగులో ఉంది. దేవరాజుకు తెలుగు రాయడం రాదు. మంగళవారం జీపులో అతని ఇంటికి పోయినవాళ్ళు మీ మనుషులేనా?”

“నన్ను పిలిచిందే బుధవారం,” అన్నాడు రాజ్‌కుమార్. గొంతులో ఎగతాళి తగ్గింది. “నాకంటె ముందు ఎవర్నో పంపిండ్రంటరా?”

“అడగండి మీవాళ్ళను.”

అతను జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. “ఏమన్న తెలిస్తే ఫోన్ చెయ్యిండ్రి. నేనైతే చెయ్య. నాకు జీతమిచ్చేది వాళ్ళు.”

“ఆ మాట ముందే చెప్పినందుకు సంతోషం,” అని వసంత మెట్లు దిగింది.

*

లహరి రెండో స్కాన్ తెరిచి కూర్చుంది. తెర నిండా చుక్కలు. కోట్ల చుక్కలు కలిసి రాడ్ల ఆకారంలో నిలబడ్డాయి.

“మూడున్నరకు ఆరు. ఐదూ ఇరవైకి నాలుగు,” అంది లహరి. “ఇంకోటి చూడుండ్రి మేడం.”

ఏడో బీమ్ పక్కన చుక్కలతో అల్లినట్టు రెండు మనిషి ఆకారాలున్నాయి.

“స్కాన్ నడుస్తుంటే నేను అడ్డమొస్తనని మెట్ల మీదికి దిగి నిలబడ్త. నాలుగు నిమిషాలు. గప్పుడు ఎవరో అటు మెట్ల నుంచి వచ్చినట్టుంది.”

ఒకతను మోకాళ్ళ మీద వంగి చేత్తో రాడ్లను చూపిస్తున్నాడు. చెవి దగ్గర ఫోన్. ఇంకొకతని నెత్తిన టోపీ, చేతిలో కర్ర.

“టైం?”

“ఐదూ ఇరవై రెండు. వంగింది దేవరాజు మేస్త్రే.”

అంటే నాలుగూ ముప్పై ఐదుకు గేటు దాటిన మనిషి ఐదూ ఇరవై రెండుకు స్లాబు మీదున్నాడు. పక్కన గేటు వాచ్‌మన్ ఉన్నాడు.

“దీని కాపీ ఒకటి నాకివ్వు. ఒకటి నీ దగ్గరే పెట్టుకో. ఎవరడిగినా ఇవ్వకు,” అని వసంత గేటు వైపు నడిచింది.

మల్లయ్య ఆమె మొహం చూసి కుర్చీలోంచి లేచాడు. వసంత అరవలేదు. బెదిరించలేదు. పక్కనున్న రాయి మీద కూర్చుంది.

“పెద్దయ్యా, ఆ సంతకం నువ్వు చేశావు. ఆయన ముందే వెళ్ళిపోయాడని ఎవరో నమ్మాలని చేశావు. నాకొక్కటి చెప్పు చాలు. బతికున్నాడా?”

మల్లయ్య గేటు గొళ్ళెం వేశాడు. “నువ్వు ఎవల మనిషివి బిడ్డా?”

“సుగుణమ్మ మనిషిని.”

ముసలాయన టోపీ తీసి, నుదురు తుడుచుకున్నాడు. “శ్రీరంగాపూర్‌ల మా చెల్లె రాములమ్మ ఇంట్ల ఉన్నడు. పా, నేనే తోల్కపోత.”

*

పన్నెండూ ముప్పై ఐదుకు కారు రాములమ్మ ఇంటి ముందు ఆగింది. లోపలి గదిలో దేవరాజు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజుల గడ్డం. వసంతను చూడగానే మొదట అడిగింది ఒకటే.

“సుగుణకు తెలుసా మేడం, నేనున్ననని?”

“ఇప్పుడు తెలుస్తుంది.” వసంత నంబరు కలిపి ఇచ్చింది. అవతల సుగుణమ్మ గొంతు గుర్తుపట్టింది. ఏడ్చింది. బిడ్డ ఎట్లుందని అడిగాడు దేవరాజు.

తర్వాత జరిగిందంతా చెప్పాడు.

“సార్ చెప్పిండని రాడ్లు తీసిన. కాని మనసొప్పలె. ఆ జాగల నాలుగు ఆగవు మేడం, చేతికి తెలుస్తది. టాబ్ల కిందికి హెడ్డాఫీసు నంబరొకటుంటది, అనుమానముంటే చెయ్యిమని. మల్లయ్య తాతను తోడు పిలుచుకొని, ఆడ్నే నిలబడి చేసిన. ఎత్తినాయన పని సంగతి అడగలె. ‘ఎవరికి చెప్పినవు? నీ పేరేంది? ఆడ్నే ఉండు, మనుషులను పంపుత’ అన్నడు.”

“నాకు గదే నచ్చలె,” అన్నాడు మల్లయ్య. “రాడ్లు తక్కువైనయంటే ఎన్ని తక్కువని అడగాలె. ఎవలకు చెప్పినవని అడిగిండంటే వాని కడుపుల ఏమో ఉన్నది. ఈయన్ను నా బండి మీద ఈడికి పంపిచ్చి, నాలుగున్నరకే పోయిండని రాసిన. ఫోన్ కల్వకుర్తి బస్సుల సీటు కింద పెట్టిన. ఆరింటికి జీపు రానే వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్త అని ఈయన ఒకటే పోరు. నేనే చెయ్యనియ్యలె. ఆమె నిజంగ ఏడ్చుకుంటుంటేనే వాళ్ళు నమ్ముతరనుకున్న. పాపమే చేసిన.”

“మంచి పనే చేశావు పెద్దయ్యా,” అంది వసంత. “రెండో స్లాబు పచ్చిగానే ఉంది, కింద జాకీలున్నాయి. మోడల్ సంగతి తేలేదాకా వాటిని తీయనివ్వకుంటే చాలు.”

దేవరాజు తల అడ్డంగా ఊపాడు.

“రెండోది కాదు మేడం. మొదటి స్లాబు.”

“అదేమైంది?”

“దాని ఏడో బీమ్ కూడ నేనే కట్టిన. లహరి మేడం రాకముందు. అప్పుడు స్కాన్ మిషన్ లేదు. టాబ్ల మొదటిసంది నాలుగే చూపిచ్చింది. తక్కువని అనిపిచ్చింది, కాని పెద్ద ఇంజినీర్లు గీసింది మనకేం తెల్వదని కట్టేసిన. మీద లహరి మేడం ఆరు గీసినంకనే తెలిసింది, కింద తప్పు చేసినమని. ఫోన్ల నేను చెప్పింది గా ముచ్చటే.”

“మొదటి స్లాబు కింద జాకీలు?”

“సోమవారం పొద్దుననే గుంజిండ్రు. పోసి ఇరవై ఎనిమిది రోజులైనయి, గట్టిపడ్డదని. ఫోన్ల చెప్పిన గద, మళ్ళ పెట్టింటరనుకున్న.”

పొద్దున తాను ఎక్కడ నిలబడిందో వసంతకు గుర్తొచ్చింది. రెండో స్లాబు మొత్తం బరువు వందల జాకీల మీదుగా మొదటి స్లాబు మీద ఉంది. మొదటి స్లాబు కింద ఏ ఆధారమూ లేదు.

“ఇప్పుడు టైమెంత?” అన్నాడు దేవరాజు. “ఒంటిగంటకు అందరు ఆ కింది హాల్లనే తింటరు. నీడుంటదని.”

పన్నెండూ నలభై ఎనిమిది.

నరేందర్ ఫోన్ ఎత్తలేదు. లహరిది ఎంగేజ్. వసంత పర్సులోంచి కార్డు తీసింది. రాజ్‌కుమార్ రెండో రింగుకే ఎత్తాడు.

“ఎక్కడున్నారు?”

“కింది హాల్ల. నరేందర్ సాబ్ అన్నం పెట్టిస్తుండు. ఎందుకు?”

“తలెత్తి బీమ్ చూడండి. గోడ నుంచి ఏడోది.”

ఒక్క క్షణం. ప్లేట్ల చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి. రాజ్‌కుమార్ గొంతు ఏమీ మారలేదు. “నడిమిల పగులుంది. వెంట్రుకంత కాదు, వేలు పట్టేటట్టుంది.”

“అందరినీ బయటికి తీసుకుపోండి. ఇప్పుడే.”

అతను ఎందుకని అడగలేదు. ఫోన్ జేబులో వేసుకున్నట్టున్నాడు, మాటలు బట్ట చాటు నుంచి వచ్చాయి. “అందరు లేవుండ్రి. పళ్ళాలు ఆడ్నే పెట్టుండ్రి. ఉరకొద్దు. పిల్లలున్న ఆడోళ్ళు ముందు నడువుండ్రి.” వెనక నరేందర్ గొంతు: “ఏమైంది సాబ్? కూసోండ్రి, టాబ్ల పచ్చగనే ఉంది, చూడుండ్రి...” ఆ తర్వాత కుర్చీ పడిన చప్పుడు.

వసంత, దేవరాజు, మల్లయ్య ఫోన్ చుట్టూ నిలబడ్డారు. రాములమ్మ గడప దగ్గర ఆగిపోయింది. ముందు చెట్టుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు. తర్వాత చాలాసేపు ఆగని పెద్ద చప్పుడు.

దేవరాజు కళ్ళు మూసుకున్నాడు.

“ముప్పై ఒక్కమంది,” అంది ఫోన్. రాజ్‌కుమార్ దగ్గుతున్నాడు. “రెండుసార్లు లెక్కపెట్టిన. అందరం బయటనే ఉన్నం. మేం కూసున్న జాగల ఇప్పుడు కూసునేటందుకు జాగ లేదు మేడం.”

“నరేందర్?”

“లేవనంటే గల్లా పట్టి గుంజుకొచ్చిన. ఈడ మట్టిల కూసొని టాబ్ చూస్తుండు. ఇంకా పచ్చగనే ఉందట.” అతను ఊపిరి తీసుకున్నాడు. “రాడ్లు దొబ్బినోడు దాని కింద కూసొని అన్నం తినడు. ఈయన దొంగ కాదు. ఇంకోటి, ఇగ నేను కంపెనీ మనిషిని కాను. ఆగుండ్రి, లహరి మాట్లాడుతదంట.”

లహరి ఫోన్ అందుకుంది.

“మేడం, నాలుగూ పదికి మారింది ఈ బిల్డింగ్ ఒక్కటే కాదు. మార్పు హెడ్డాఫీసు లైబ్రరీల నుంచి వచ్చింది. లైబ్రరీ అంటే, మా మగ్గాలకు జకార్డ్ అట్టలుంటయి కదా మేడం, అంచు డిజైన్ కోసం రంధ్రాలు కొట్టినవి. ఒక్క అట్టల ఒక్క రంధ్రం తప్పు పడితే, దాంతోని నేసిన ప్రతి చీరెల అదే తప్పొస్తది. ఈ బీమ్ గట్లనే. ఒక్కసారి గీసి పెట్టుకున్నరు, ప్రతి సైటుకూ దాన్నే వాడిండ్రు. మొదటిసంది నాలుగు రాడ్లతోనే. ఈడ నేను ఆరు గీస్తే, మిగతావాటితోని కలవలేదని మళ్ళ నాలుగు చేసిండ్రు.”

“ఎన్ని సైట్లు?”

“మూడు. ఇదొకటి. నాగర్‌కర్నూల్ల గోదాం, అది ఇంకా పునాదుల్లనే ఉంది. మూడోది గద్వాలల. చేనేతోళ్ళ మగ్గాల హాలు. దానికి రెండు స్లాబులు వేసుడయింది. పోయిన నెలనే తెరిచిండ్రు.”

“లోపల మనుషులున్నారా?”

“నలభై మగ్గాలు నడుస్తున్నయి మేడం. పై అంతస్తుల నూలు మూటలన్నీ పెట్టిండ్రు.” లహరి చేతిలో ఇంకో ఫోన్ రింగవుతున్న చప్పుడు. “మా నాన్న మగ్గం ఆడ్నే. పావుగంట సంది చేస్తున్న. ఎత్తుతలేడు. మగ్గం నడుస్తుంటే ఆయనకు ఫోన్ వినపడదు.”